దీపం కింద చీకటి: శిల్పంలాంటి దీపాల వెనక ఉన్న లెక్క

"దీపం కింద చీకటి" అనే సామెతని మనవాళ్లు మనుషుల గురించి వాడతారు. ఊరందరికీ పాఠాలు చెప్పే మాస్టారి ఇంట్లోనే చదువు అబ్బని పిల్లాడు ఉంటే ఆ మాట అనేస్తారు. కాసేపు ఆ అర్థాన్ని పక్కన పెట్టి, ఈ సామెతని ఒక ఇంజినీరింగ్ ఫిర్యాదులా చదివి చూడండి. ప్రమిదలో నూనె కింద ఉంటుంది, మంట పైన ఉంటుంది. మంట నుంచి కిందికి దిగే వెలుగుకి ప్రమిదే అడ్డం. అందుకే దీపం పాదాల దగ్గరే నీడ పడుతుంది. ఎవరో ఒకరు దీపాన్ని బాగా గమనించి చెప్పిన మాట అది.

ఆ ఫిర్యాదుకి మన ఇళ్లు తమకి తోచిన జవాబులు వెతుక్కున్నాయి. దీపాన్ని ఎత్తు మీద పెట్టడానికి సెమ్మె వచ్చింది. గోడలో గూడు వచ్చింది. గూడులో పెట్టిన దీపానికి గాలి తగలదు, సున్నం కొట్టిన గూడు గోడలు వెలుగుని గదిలోకి తిప్పి పంపిస్తాయి కూడా. తర్వాత లాంతరు వచ్చింది, దాని గాజు చిమ్నీ వచ్చింది. ఆ తర్వాత కరెంటు బల్బు వచ్చింది. నూనె లేదు కాబట్టి దాన్ని తలకిందులుగా వేలాడదీయొచ్చు. దీపం కింద చీకటి పోయింది.

పోతూ పోతూ కొత్త సమస్యని వదిలి వెళ్లింది. ప్రమిద వైపు గంటసేపు చూడొచ్చు. వెలుగుతున్న బల్బు వైపు అయిదు సెకన్లు చూడలేం. గత వందేళ్లలో దీపాలు చేసిన గొప్ప డిజైనర్లలో చాలామందిని వేధించింది ఈ రెండో సమస్యే. వాళ్ల దీపాలు శిల్పాల్లా ఉండటానికి కారణం కూడా చాలావరకు అదే.

ఈ రోజు "డిజైనర్ లైట్లు" అని వెతికితే వందల రకాలు కనిపిస్తాయి. ఉంగరాల్లా, కొమ్మల్లా, పక్షుల్లా, జలపాతంలా ఉన్నవి. ఫొటోలో అన్నీ శిల్పాల్లాగే ఉంటాయి. వాటిలో ఏది నిజంగా శిల్పంలాంటి దీపం, ఏది బల్బు తగిలించిన బొమ్మ అని ఎలా తెలుసుకోవాలి? ఈ పాఠం చెప్పేది ఒక్కటే మాట: దీపాన్ని ఆపి చూడకూడదు, వెలిగించి చూడాలి. ఆ ఆకారం ఎందుకలా ఉందో వెలుగే చెప్పాలి. అలా చెప్పగలిగిన నాలుగు దీపాలని వరసగా చూద్దాం. ఒకటి డెన్మార్క్‌ది, ఒకటి జపాన్‌ది, ఒకటి ఇటలీది, నాలుగోది మన ధర్మవరం పక్కది. దానికి ముందు ఒక చిన్న లెక్క.

ముందుగా మూడు కొలతలు

బల్బు అట్ట పెట్టె మీద వాట్లు చూసి కొనడం మనకి అలవాటు. వాట్లు చెప్పేది అది ఎంత కరెంటు తాగుతుందో మాత్రమే. ఎంత వెలుగు ఇస్తుందో చెప్పేవి ల్యూమెన్లు. మామూలు 9 వాట్ల ఎల్ఈడీ బల్బు సుమారు 900 ల్యూమెన్లు ఇస్తుంది.

రెండోది లక్స్. బల్బు ఇచ్చిన వెలుగులో మన పుస్తకం మీద పడేది ఎంత అన్నది ఇది చెప్తుంది. ఒక చదరపు మీటరు మీద ఒక ల్యూమెన్ పడితే అది ఒక లక్స్. 900 ల్యూమెన్ల బల్బు అన్ని వైపులకీ సమానంగా వెలుగు పంచుతుందని అనుకుందాం. ఒక మీటరు దూరంలో ఆ వెలుగంతా సుమారు 12.6 చదరపు మీటర్ల గోళం మీద పరుచుకుంటుంది. అంటే సుమారు 72 లక్స్. రెండు మీటర్ల దూరంలో అది నాలుగో వంతుకి, అంటే 18కి పడిపోతుంది. అర మీటరు దగ్గరకి తెస్తే 286కి పెరుగుతుంది. చదువుకోవడానికి సుమారు 300 లక్స్ ఉంటే హాయి. గోడలు, సీలింగ్ తిప్పికొట్టే వెలుగు దీనికి కొంత కలుస్తుంది, నిజమే. అయినా సీలింగ్‌లో పది లైట్లు పెట్టించుకున్న గదిలో కూడా పుస్తకం మీద వెలుగు చాలక టేబుల్ ల్యాంప్ ఎందుకు కొంటామో ఈ లెక్క చెప్పేస్తుంది. వెలుగు ఎక్కువ కావాలంటే ప్రతిసారీ బల్బు పెద్దది కానక్కర్లేదు. దీపం దగ్గరకి వస్తే చాలు.

మూడోది గ్లేర్, అంటే కంటిని కొట్టే వెలుగు. ఇక్కడ మొత్తం ఎంత వెలుగు వచ్చిందన్న దాని కంటే, అది ఎంత చోటు నుంచి వచ్చిందన్నది ముఖ్యం. 6 సెంటీమీటర్ల బల్బు నుంచి వచ్చే వెలుగునే 60 సెంటీమీటర్ల తెల్లటి గోళం నుంచి వచ్చేలా చేశామనుకోండి. అడ్డుకొలత పదింతలు అయితే కంటికి కనిపించే వైశాల్యం వందింతలు అవుతుంది. ప్రతి చదరపు సెంటీమీటరు దగ్గరా కనిపించే తీవ్రత వందో వంతుకి దిగుతుంది. గదిలోకి వచ్చే వెలుగు మాత్రం దాదాపు అంతే, మధ్యలో గోళం మింగేసిన కొంచెం తప్ప.

దీపాన్ని దగ్గరకి తెస్తే లక్స్ పెరుగుతుంది, కానీ గ్లేర్ కూడా మొహం మీదికి వస్తుంది. దూరం జరిపితే గ్లేర్ తగ్గుతుంది, లక్స్ కూడా పోతుంది. దీపాల డిజైన్ అంతా ఈ తగువు తీర్చడమే. ఒకాయన దీన్ని వంపుతో తీర్చాడు, ఒకాయన కాగితంతో, ఇద్దరు అన్నదమ్ములు బరువుతో. మనవాళ్లు తోలుతో.

వంపు: కోపెన్‌హేగన్

పౌల్ హెన్నింగ్సెన్ 1894లో పుట్టిన డెన్మార్క్ ఆర్కిటెక్ట్. ఆయన తల్లి ఆగ్నెస్ హెన్నింగ్సెన్ రచయిత్రి. ఆయన కూడా రచయితే. పత్రిక నడిపాడు, పాటలు రాశాడు, తన కాలపు అలంకార పిచ్చి మీద గట్టిగా విమర్శలు రాశాడు. కిరసనాయిలు దీపాల మెత్తటి వెలుగులో పెరిగిన తరం అది. ఇళ్లకి కరెంటు బల్బు వచ్చాక ఆ మెత్తదనం ఒక్కసారిగా మాయమైపోయింది. బల్బు ఖర్చు, సౌకర్యం వదులుకోకుండా పాత మెత్తదనాన్ని తిరిగి తేవడం ఎలా అన్నది ఆయన ప్రశ్న.

ఆయన జవాబు 1926 నాటికి తయారైంది. ఒకదాని కింద ఒకటిగా మూడు షేడ్లు. పైది పెద్దది, నడిమిది దాంట్లో సుమారు సగం, కిందిది అందులో మళ్లీ సగం. ఆ షేడ్ల వంపు మాత్రం చేతికొచ్చినట్టు గీసింది కాదు, లాగరిథమిక్ స్పైరల్‌లోని ముక్క. మొదటి సంవత్సరం లెక్కల్లో ఈ వక్రం చూసే ఉంటారు. దాని కేంద్రం నుంచి ఏ దిక్కుకి గీత గీసినా, అది వక్రాన్ని ఎప్పుడూ ఒకే కోణంలో తాకుతుంది. ఇప్పుడు ఆ కేంద్రంలో బల్బుని పెట్టండి. ప్రతి కిరణమూ షేడ్‌ని ఒకే కోణంలో తాకుతుంది. ఒకచోట భగ్గుమని, పక్కనే మసకగా ఉండటం అంటూ ఉండదు. వెలుగు మెడ దగ్గర నుంచి అంచు వరకు నునుపుగా తగ్గుతూ పోతుంది. బల్బు మాత్రం బల్ల చుట్టూ కూర్చున్న వాళ్లకి కనిపించదు.

అంటే మనం అందం అని చూసేది నిజానికి ఒక సమీకరణం. దాంట్లో అలంకారం కోసం పెట్టిన గీత ఒక్కటి కూడా లేదు.

1958లో ఆయన ఇదే ఆలోచనని ఇంకా ముందుకి తీసుకెళ్లాడు. కోపెన్‌హేగన్‌లోని లాంగెలినీ పెవిలియన్ అనే రెస్టారెంటు కోసం చేసిన ఆ దీపాన్ని ఆర్టిచోక్ అంటారు. ఆర్టిచోక్ ఒక రకం కూరగాయ. రేకుల మీద రేకులు కప్పుకుని ఉంటుంది, చూడటానికి మన తామర మొగ్గలా. ఈ దీపంలో వరసకి ఆరు చొప్పున పన్నెండు వరసల్లో 72 లోహపు రేకులు ఉంటాయి. ఒక్కో వరస పై వరసకి కాస్త పక్కకి జరిగి ఉంటుంది. దాంతో పై వరసలో వచ్చిన సందుని కింది వరస మూసేస్తుంది. దీపం చుట్టూ ఎటు తిరిగినా, కింద నిలబడి చూసినా బల్బు కంటపడదు. కనిపించేది బల్బు వెలుగుని అందుకున్న రేకులే. వాటిలో ఒక రేకు తీసేయండి, దీపం అందం తగ్గడం కాదు, కన్ను చెదురుతుంది. శిల్పంలో ప్రతి భాగమూ అవసరమే అనే మాటకి ఇంతకంటే సూటి రుజువు ఉండదు.

అదే ఏడాది ఆయన ఇళ్ల కోసం పీహెచ్ 5 అనే దీపం చేశాడు. ఆ 5 అంటే 50 సెంటీమీటర్ల అడ్డుకొలత. బల్బు కంపెనీలు బల్బుల ఆకారం, సైజు మార్చేస్తూ ఉంటే తన లెక్కలు తప్పుతున్నాయని, లోపల ఏ బల్బు పెట్టినా గ్లేర్ రాకుండా దీన్ని గీశాడు. టెక్నాలజీ మారుతుంది, కన్ను మారదు. డిజైన్ కంటిని నమ్ముకోవాలన్నది ఇందులో మనకి దొరికే పాఠం.

కాగితం: గిఫు

ఇసాము నొగుచి 1904లో లాస్ ఏంజెలెస్‌లో పుట్టాడు. తండ్రి జపాన్ కవి, తల్లి అమెరికన్ రచయిత్రి. 1927లో పారిస్ వెళ్లి బ్రాంకూజి అనే మహాశిల్పి దగ్గర పని నేర్చుకున్నాడు. రాయి, లోహం ఆయన సామాన్లు. 1951లో హిరోషిమా వంతెనల రెయిలింగుల పని మీద జపాన్ వెళ్తూ, దారిలో గిఫు పట్టణంలో ఆగాడు. అక్కడి నగర నదిలో రాత్రిపూట నీటికాకులతో చేపలు పట్టే వేడుక చూశాడు. గిఫు కాగితపు లాంతర్లకి పేరున్న ఊరు, కానీ ఆ పరిశ్రమ అప్పటికే చిక్కిపోతోంది. మా లాంతర్లకి ఏదైనా కొత్త దారి చూపించమని ఊరి మేయరు ఆయన్ని అడిగాడు.

ఆయన ఆ ఊరి పద్ధతిని మార్చలేదు. కొయ్యతో చేసిన అచ్చు మీద సన్నటి వెదురు బద్దని స్ప్రింగులా చుడతారు. దాని మీద మల్బరీ జాతి చెట్టు బెరడుతో చేసిన పల్చటి కాగితాన్ని ముక్కలు ముక్కలుగా అతికిస్తారు. ఆరాక లోపలి అచ్చుని విడదీసి బయటకి లాగేస్తారు. మిగిలేది వెదురు, కాగితం, గాలి. అదంతా ఈ ఊళ్లో ముందే ఉన్న పనితనం. నొగుచి మార్చింది రెండే. లోపల కొవ్వొత్తికి బదులు కరెంటు బల్బు పెట్టాడు. ఆకారాన్ని మామూలు లాంతరు ఆకారం నుంచి విడిపించి, తన శిల్పాల భాషలోకి తెచ్చాడు. గోళాలు, గుడ్లు, స్తంభాలు, వంకర పెట్టెలు, అలా వందకి పైగా రకాలు.

వాటికి అకారి అని పేరు పెట్టాడు. జపాన్ భాషలో అకారి అంటే వెలుగు. ఆ మాటలో తేలికదనం అనే భావాన్ని కూడా ఆయన విన్నాడు. నిజానికి ఇంగ్లీషు లైట్ అనే మాటకి కూడా ఈ రెండర్థాలూ ఉన్నాయి. మన వెలుగుకి లేదు. తెలుగులో దీపం వెలుగుతుంది, కొండెక్కుతుంది, కానీ తేలిపోదు.

కాగితం ఇక్కడ చేసే పని మనం ముందు చూసిన వందో వంతు లెక్కే. కాగితంలోని నార పోగులు వెలుగుని అటూ ఇటూ చెదరగొడతాయి. బల్బు ఎక్కడుందో కంటికి తెలియకుండా పోయి, గోళమంతా తానే వెలుగుతున్నట్టు కనిపిస్తుంది. చెక్కిన రాయి మీద వెలుగు బయట నుంచి పడుతుంది. అకారిలో వెలుగు లోపల ఉంది, శిల్పం దాని చర్మం. అయితే దీపాలు చేస్తే శిల్పి అంటారా అనే సందేహం కళాలోకానికి చాలాకాలం ఉంది. 1986లో వెనిస్ బియెనాలేలో అమెరికా తరఫున ప్రదర్శన పెట్టమంటే, నొగుచి తన రాతి శిల్పాలతో పాటు ఈ కాగితపు దీపాలని కూడా పెట్టాడు. ఆ ప్రదర్శనకి పెట్టిన పేరు "శిల్పం అంటే ఏమిటి?" అన్న ప్రశ్నే.

ఈ దీపాలు మడిస్తే పల్చగా అయిపోతాయి, చిన్న పెట్టెలో పోస్టులో పంపొచ్చు. మన దగ్గర ఆన్‌లైన్‌లో కొన్ని వందల రూపాయలకి దొరికే తెల్ల కాగితం గోళాల వంశం కూడా కాగితపు లాంతరుదే. కాకపోతే వాటిలో చాలావాటికి మామూలు కాగితం, తీగ చట్రం. గిఫులో ఆ పని ఇప్పటికీ చేత్తోనే సాగుతోంది.

బరువు: మిలాన్

మెకానిక్స్ అంటే ఇష్టం ఉన్నవాళ్లకి ఈ దీపం బాగా నచ్చుతుంది. భోజనాల బల్ల మీద, సరిగ్గా నడిమధ్యకి దీపం వేలాడాలి. కానీ సీలింగ్‌కి కన్నం పెట్టకూడదు. అద్దె ఇంట్లో ఉన్న ఎవరికైనా తెలిసిన సమస్యే. 1962లో ఇటలీకి చెందిన అకిల్లే, పియెర్ జాకొమో కాస్టిల్యోని అనే అన్నదమ్ములు వీధి దీపాన్ని చూసి దీనికి జవాబు చెప్పారు. వీధి దీపం స్తంభం పక్కన ఉంటుంది, వెలుగు రోడ్డు నడుమ పడుతుంది కదా. అలాగే కింద పాలరాతి దిమ్మ, అందులోంచి లేచి విల్లులా వంగిన స్టీలు కమ్మీ, దాని చివర లోహపు గిన్నెలాంటి షేడ్. దీని పేరు ఆర్కో, అంటే వంపు. దీపం తల దిమ్మకి సుమారు రెండు మీటర్ల దూరంలో ఉంటుంది. బల్ల చుట్టూ కుర్చీలు వేసుకున్నాక కూడా వాటి వెనక నుంచి ఒక మనిషి వడ్డిస్తూ నడిచేంత చోటు.

ఆ దిమ్మ బరువు సుమారు 65 కిలోలు. అంత ఎందుకు? ఊహా సంఖ్యలతో లెక్క వేద్దాం. తల బరువు 3 కిలోలు, అది దిమ్మ అంచు నుంచి 2 మీటర్ల దూరంలో ఉందనుకోండి. తలకిందులు చేసే మొమెంట్ 3 సార్లు 2, అంటే 6. దిమ్మ గరిమనాభి అదే అంచు నుంచి 15 సెంటీమీటర్ల లోపలికి ఉంటే, 6ని 0.15తో భాగించాలి. 40 కిలోలు వస్తుంది. ఇది సరిగ్గా తూగడానికే. దీనికి కమ్మీ సొంత బరువు కలపండి. పిల్లాడు వచ్చి ఆ కమ్మీ పట్టుకుని లాగుతాడు, ఆ భద్రత కూడా కలపండి. 65 ఎక్కువేం కాదని తెలుస్తుంది. పాలరాయి ఇక్కడ దర్జా కోసం కాదు. తక్కువ చోటులో ఎక్కువ బరువు ఉండాలి, చూడటానికి బాగుండాలి, అంతే.

ఇంకో మంచి సంగతి. ఆ దిమ్మకి ఒక గుండ్రటి కన్నం ఉంటుంది. చూసినవాళ్లు అలంకారం అనుకుంటారు. అందులో చీపురు కర్ర దూర్చి చెరో వైపు పట్టుకుంటే ఇద్దరు మనుషులు దీపాన్ని పక్కకి మార్చొచ్చు. దిమ్మ మూలలు చెక్కేసి ఉంటాయి, మోకాలికి తగలకుండా. షేడ్ పైభాగంలో చిల్లులు ఉంటాయి. వేడి బయటకి పోతుంది, కొంచెం వెలుగు సీలింగ్ వైపు చిమ్ముతుంది. ఈ దీపంలో కూడా వంపు, రాయి, కన్నం, చిల్లులు, దేనికి ఎందుకని అడిగినా జవాబు ఉంది.

తోలు: నిమ్మలకుంట

ఇక మన దగ్గరకి వద్దాం. శ్రీ సత్యసాయి జిల్లా ధర్మవరం మండలంలో నిమ్మలకుంట అనే ఊరుంది. తోలుబొమ్మలాట కళాకారుల కుటుంబాలు ఉన్న ఊరు. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ ప్రకటించారు. ఆటకి చూసేవాళ్లు తగ్గాక, సినిమా, టీవీ వచ్చి రాత్రంతా కూర్చునే ప్రేక్షకులని తీసుకుపోయాక, ఇక్కడి చేతులు బొమ్మలతో పాటు దీపాల షేడ్లు, గోడకి వేలాడే బొమ్మలు చేయడం మొదలుపెట్టాయి. ఇప్పుడు హస్తకళల దుకాణాల్లో కనిపించే ఎర్రటి, పచ్చటి తోలు దీపాలు చాలావరకు అక్కడివే.

ఇది ఏదో పాత కళని కొత్త వస్తువుకి అతికించడంలా అనిపిస్తుంది. నాకు అలా అనిపించదు. తోలుబొమ్మలాట మొదటి నుంచీ దీపపు కళే. తెల్లటి తెర వెనక దీపాలు, ఆ దీపాలకి, తెరకి మధ్య బొమ్మ. ఒకప్పుడు ఆముదం దీపాలు, తర్వాత పెట్రోమాక్స్ లైట్లు, ఆ తర్వాత బల్బులు. వెలుగు తోలులోంచి దూరి వస్తేనే రాముడికి రంగు, జుట్టుపోలిగాడికి నవ్వు. దీపం ఆరిపోతే ఆట లేదు. నేను ఈ పాఠం మొదట్లో చెప్పిన పరీక్ష, వెలిగించి చూడమనేది, ఈ కళాకారులకి తరతరాలుగా తెలుసు.

పని ఎలా జరుగుతుందో చూడండి. మేకతోలుని వేడినీళ్లలో నానబెట్టి, వెంట్రుకలు, కొవ్వు గీకి, సాగదీసి ఎండబెడతారు. చెప్పులకి వాడే తోలులా దీన్ని పదును చేయరు. పదును చేస్తే వెలుగు దూరదు. ఇలా ఎండిన తోలు గట్టిపడి, పల్చటి కొమ్ములా, వెలుగు చొరబడేలా తయారవుతుంది. దాని మీద గీత గీస్తారు, ఉలితో చిల్లులు కొడతారు, రెండు వైపులా రంగు వేస్తారు. నగలు, పూలు, అంచులు చాలావరకు రంగుతో రావు, చిల్లులతో వస్తాయి. అంటే మూడు స్థాయిల వెలుగు: గీత దగ్గర నలుపు, రంగు దగ్గర వడపోసిన వెలుగు, చిల్లు దగ్గర ముడి వెలుగు. దీపం షేడ్ చేసేటప్పుడు ఇనుప తీగ చట్రానికి తోలుని చుట్టి కుడతారు.

ఇక్కడే మనలాంటి వాళ్లకి పని ఉంది. తెర ముందు కూర్చున్న ప్రేక్షకుడికి దీపానికి, కంటికి మధ్య బొమ్మతో పాటు గుడ్డ తెర ఉండేది. షేడ్ దగ్గర ఆ తెర లేదు. చిల్లులోంచి నేరుగా లోపలి బల్బు కనిపిస్తుంది. పాతకాలం మంటకి అది సమస్య కాకపోయి ఉండొచ్చు, ఈనాటి ఎల్ఈడీ చుక్కకి అది పెద్ద సమస్య. నగలా మెరవాల్సిన చిల్లు సూదిలా గుచ్చుతుంది. లోపల పాలగాజు రంగు బల్బు వాడితే కొంత తగ్గుతుంది. బల్బు ఎత్తుకి ఎదురుగా చిల్లులు తగ్గించి, పైనా కిందా ఎక్కువ పెడితే ఇంకా తగ్గుతుంది. లోపల తెల్ల కాగితపు గొట్టం ఒకటి నిలబెడితే, పోయిన తెర మళ్లీ తిరిగొచ్చినట్టే.

రంగు సంగతి కూడా ఉంది. తోలు మీది ఎరుపు తనంతట తాను ఎరుపు పుట్టించదు. బల్బు వెలుగులోంచి ఎరుపుని మాత్రం పోనిచ్చి మిగతావి ఆపేస్తుంది. బల్బులో ఎరుపు పాలు తక్కువ ఉంటే తోలు ఏం చేస్తుంది? చవక ఎల్ఈడీ పెడితే ఎరుపు మురికి గోధుమ రంగులా కనిపించేది అందుకే. పెట్టె మీద సీఆర్ఐ అనే అంకె ఉంటుంది. అది 90 దాటిన, 2700 కెల్విన్ల దగ్గర ఉన్న పసుపు ఛాయ బల్బు పెట్టి చూడండి, అదే షేడ్ ఇంకో వస్తువులా ఉంటుంది. ఎల్ఈడీకి ఒక మంచి గుణం కూడా ఉంది. పాత ఫిలమెంట్ బల్బు కంటే చాలా తక్కువ వేడి పుట్టిస్తుంది కాబట్టి తోలు ఎండి బిగుసుకుపోదు.

షేడ్‌గా మారేటప్పుడు ఆటలోంచి కొన్ని పోయాయన్నది కూడా ఒప్పుకోవాలి. బొమ్మకి కీళ్లు ఉండేవి, కదిలేది. వెనక నుంచి పాట, పద్యం, బంగారక్క వెక్కిరింత వినిపించేవి. గొట్టానికి చుట్టిన హనుమంతుడు కదలడు, మాట్లాడడు. అలాంటప్పుడు ఆ షేడ్‌లో మిగిలినది వెలుగు ఒక్కటే. ఆ వెలుగు కూడా సరిగా లేకపోతే మనం కొన్నది బొమ్మ వేసిన తోలు ముక్క. కొనేవాళ్లు ఇందులో ఏ దేవుడి బొమ్మ ఉందని మాత్రమే అడుగుతుంటే, చేసేవాళ్లు కూడా అక్కడే ఆగిపోతారు. ఈ షేడ్ వెలిగిస్తే గోడ మీద ఏం పడుతుంది అని అడిగే కొనుగోలుదారు కావాలి. ఆ ప్రశ్న కలిసి ఆలోచించే ఇంజినీరు కావాలి. గిఫు ఊరికి నొగుచి చేసిందీ అంతే. పనితనాన్ని ముట్టుకోలేదు, వెలుగుని మళ్లీ అడిగాడు.

మన గదిలో

చదివేవాళ్లలో సగం మంది హాస్టల్లో ట్యూబ్‌లైట్ కింద ఉన్నారు. ఇంకో నాలుగేళ్లకి అద్దె ఫ్లాట్ తీసుకుంటారు, ఏదో ఒక దీపం కొంటారు. ఇంట్లోవాళ్లు ఫాల్స్ సీలింగ్ చేయిస్తుంటే సలహా కూడా అడుగుతారు. అప్పుడు ఈ అయిదు ప్రశ్నలు గుర్తుంచుకోండి.

ఒకటి. దీపం వెలిగించమనండి. కొట్టులో ఎలాగూ వెలుగుతూనే ఉంటుందంటారా? చుట్టూ వెలిగే మిగతా యాభైని ఆపించి, దీన్ని ఒక్కదాన్నే చూడండి.

రెండు. కూర్చుని చూడండి, నిలబడి చూడండి, మంచం మీద పడుకున్నట్టు కింద నుంచి చూడండి. ఎక్కడి నుంచైనా బల్బు నేరుగా కంట్లో పడుతోందా?

మూడు. దీపాన్ని కాదు, గోడని చూడండి. నీడ, వెలుగు అక్కడ ఎలా పడ్డాయి? బాగున్న దీపం గదిని కూడా చెక్కుతుంది.

నాలుగు. ఒక భాగాన్ని చూపించి, ఇది లేకపోతే వెలుగుకి ఏమవుతుందని మిమ్మల్ని మీరు అడగండి. ఏమీ కాదంటే అది నగ, దీపం కాదు. నగ కొనడం తప్పు కాదు, నగ అని తెలిసి కొనండి.

అయిదు. బల్బు పాడైతే మార్చుకోగలమా? ఎల్ఈడీని లోపల శాశ్వతంగా అతికించేసిన దీపాలు చాలా వస్తున్నాయి. శిల్పం వందేళ్లు ఉండాలి, లోపలి చిప్ కొన్నేళ్లే ఉంటుంది. హెన్నింగ్సెన్ ఏ బల్బుకైనా సరిపోయేలా గీసింది ఈ ఇబ్బంది తెలిసే.

చివరగా ఒక చిన్న ప్రయోగం. ఖర్చు పది రూపాయలు కూడా కాదు. ఒక చార్టు పేపరు తీసుకుని గొట్టంలా చుట్టి అతికించండి. లోపల ఫోన్ టార్చి వెలిగించి పైకి చూసేలా నిలబెట్టండి, గదిలో మిగతా లైట్లు ఆపేయండి. ముందు గొట్టాన్ని చూడండి, తర్వాత సీలింగ్‌ని చూడండి. ఇప్పుడు పిన్నుతో ఒక వరస చిల్లులు పొడవండి, మళ్లీ చూడండి. తర్వాత లోపల ఒక టిష్యూ కాగితం అడ్డం పెట్టండి, మళ్లీ చూడండి. ఫోన్‌లో లక్స్ మీటర్ యాప్ ఉంటే ఒక్కో మార్పుకి టేబుల్ మీద అంకె ఎంత మారిందో రాసుకోండి. అంకె కాస్తే తగ్గి, కన్నుకి మాత్రం ఎంతో హాయిగా అనిపించే ఒక అమరిక మీకు దొరుకుతుంది. కోపెన్‌హేగన్‌లో, గిఫులో, నిమ్మలకుంటలో వెతికిందీ ఆ చోటునే.

దొరికాక గొట్టం కింద కూడా ఒకసారి చూడండి. టార్చి పైకి చూస్తోంది కాబట్టి అక్కడ చీకటి ఉంటుంది. సామెత చెప్పినవాళ్లు గమనించినది ఇదే. దాన్ని ఎలా పోగొడతారన్నది వచ్చే సంచికలోపు మీరు చేయాల్సిన హోంవర్క్.